ట్యాగులన్నీ ఒకటి కావు



"ఐడీ కార్డు ట్యాగులన్నీ ఒకటే, చవకగా ఇచ్చేవారి దగ్గరే కొనండి" అన్న గత వారం పాఠకుడి లేఖతో నేను ఏకీభవించను. రాయచూరు జిల్లా ఎండల్లో, చెమటలో బడిపిల్లలు రోజంతా మెడలో వేసుకునే వస్తువది.

ముందు పట్టీ మీది అచ్చు చూడాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగు పట్టీ పైనే నిలుస్తుంది. సరిగా ఆరకపోతే పెచ్చులూడుతుంది. సబ్లిమేషన్‌లో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి సిరా ఆవిరై పాలిస్టర్ పోగుల్లోకే ఇంకుతుంది. గోటితో గీకినా రాదు. నూలు పట్టీకి ఆ పద్ధతి పనికిరాదు. ఏ పద్ధతైనా సరే, అచ్చును తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు అంటిన రంగు రేపు యూనిఫాం కాలరుకూ అంటుతుంది. ఇక అక్షరాల సంగతి: కన్నడమైనా తెలుగైనా ఒత్తులు సన్నవి. 12 మిల్లీమీటర్ల పట్టీపై పూడుకుపోయే ప్రమాదం ఉంది. బడి పేరు పెద్దదైతే 20 మిల్లీమీటర్ల పట్టీ అడగాలి.

అంచు గరుకుగా ఉంటే మెడ ఒరుసుకుపోతుంది. కొక్కెం దగ్గర కుట్టును లాగి చూడండి. స్ప్రింగును పదేపదే నొక్కి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం భద్రత. గట్టిగా లాగితే దానంతటదే విడిపోయే క్లిప్పు మెడ వెనక ఉండాలి. ఆటల్లోనో, బస్సు తలుపులోనో ట్యాగు చిక్కుకుంటే పిల్లల గొంతు బిగుసుకోకుండా కాపాడేది అదే. యంత్రాల దగ్గర పనిచేసే కార్మికులకూ ఇది తప్పనిసరి.

అందుకే ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం: ముందు ఒక నమూనా చేయించి, ఈ పరీక్షలన్నీ అయ్యాకే మొత్తం ఆర్డరు ఇవ్వండి.

— ఒక పాఠకుడు,
గబ్బూరు, దేవదుర్గ తాలూకా, రాయచూరు జిల్లా