కార్డు తర్వాత, ఎస్ఎంపీఎస్ ముందు

2025 దసరాకి మంథని పోయినప్పుడు మా మేనల్లుడు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. గేమింగ్ కంప్యూటర్‌కి కావలసిన పార్టుల లిస్టు. మొత్తం లక్షా రెండు వేలు. అందులో 58 వేలు ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే, ఆర్‌టీఎక్స్ 5070. అట్టడుగున, మర్చిపోయి చివర్లో ఇరికించినట్టు, "500 వాట్స్ ఎస్ఎంపీఎస్ - 1,900".

నేను ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి హార్డ్‌వేర్ కూడా నాకే తెలియాలని మా ఇంట్లో ఒక చట్టం ఉంది. ప్రింటర్ మొరాయించినా నాకే ఫోన్, టీవీ రాకపోయినా నాకే ఫోన్. (మీ ఇళ్ళల్లోనూ ఇంతేనని తెలుసు.) మా బావ సింగరేణిలో చేస్తారు. దసరాకి ముందు లాభాల వాటా పడింది, పిల్లాడు ఇంటర్ నుంచీ అడుగుతున్నాడు, కొనిద్దామనుకున్నారు. "నువ్వే చూడు, నాకేం సమజ్ కాదు" అని నాకు అప్పజెప్పారు. "ఆటలకు లక్ష రూపాయలా?" అని అక్క వంటింట్లోంచి అంటూనే ఉంది.

నేను కాగితం చూసి, "కార్డు చిన్నది తీసుకో, కింద ఉండేవి గట్టివి తీసుకో, రెండేళ్ళు పోయాక కార్డు మారుద్దాం" అన్నాను.

"రెండేండ్లకు పైసలు ఎవ్వలిస్తరు మామా? ఒక్కపారే మంచిది తీసుకుంటె అయిపాయె గద!"

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు నేనెందుకలా అన్నానో చెప్పాలి.

2005లో నేను మొదటి జీతాలు కూడబెట్టి కంప్యూటర్ కొన్నాను. కార్డుకి డబ్బులు సరిపోలేదు. షాపాయన "ఏజీపీ స్లాటుంది కద సార్, రెండేళ్ళయినంక వేసుకోండి" అన్నాడు. నమ్మాను. 2007లో డబ్బు పట్టుకుని వెళ్తే నాకు కావలసిన జీఫోర్స్ 8 సిరీస్ కార్డులు ఏజీపీలో రానేలేదు, అన్నీ పీసీఐ ఎక్స్‌ప్రెస్సే. అది 2004లోనే బోర్డుల్లోకి వచ్చేసిందని నాకు తెలీదు, తెలిసిన షాపాయన చెప్పలేదు. కార్డు కోసం బోర్డు, బోర్డు కోసం ప్రాసెసర్, ప్రాసెసర్ కోసం ర్యామ్.. అంటే కొత్త కంప్యూటరే అన్నమాట. కొనలేదు. ఆడాలనుకున్న ఆటలు పక్కవాడి భుజం మీంచి చూశాను.

అందుకే "తర్వాత వేసుకోవచ్చు" అని ఎవరైనా అంటే నేను కార్డు గురించి అడగను. అది కూర్చునే చోటు గురించి అడుగుతాను. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ గట్టిగా ఉంటే ఇంప్లిమెంటేషన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మేనల్లుడి లిస్టు దీనికి సరిగ్గా తలకిందులు. మహా గొప్ప ఇంప్లిమెంటేషన్, దాని కింద 1,900 రూపాయల ఇంటర్‌ఫేస్!

లెక్క చూడండి. 5070 ఒక్కటే 250 వాట్లు లాగుతుంది, దానికి కనీసం 650 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్‌విడియా వాళ్ళే రాస్తారు. అంటే ఆ 500 ఇవాళ్టికే చాలదు, రేపటి మాట దేవుడెరుగు. పైగా ఈ కాలం కార్డులు సగటున లాగేది ఒకటి, రెప్పపాటులో ఎగబాకేది ఇంకొకటి. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090లు వచ్చినప్పుడు వాట్లు సరిపోయినా ఆట మధ్యలో టప్పున ఆరిపోయిన సిస్టమ్‌లు చాలానే. ఆ తర్వాత 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 స్పెసిఫికేషన్‌లో, ఎస్ఎంపీఎస్ క్షణకాలం రెట్టింపు లోడు తట్టుకోవాలని రాశారు. కాబట్టి లేబుల్ మీద అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు, ఏటీఎక్స్ 3.0 లేక 3.1 అని ఉందో లేదో చూడాలి. ఇప్పుడొస్తున్న 300 వాట్ల తరగతి కార్డులు, అంటే 5070 టీఐ, రేడియాన్ 9070 ఎక్స్‌టీ, రెండూ 750 అడుగుతున్నాయి. రేపు అలాంటిది వేసుకోవాలంటే ఇవాళే 750ది కొనాలి. మంచి కంపెనీవి ఏడు నుంచి పదేళ్ళ వారంటీతో వస్తాయి. కార్డు మారినా, బోర్డు మారినా అది ఉంటుంది.

బోర్డు సంగతి. వాడు రాసింది పాత ఏఎం4 బోర్డు, చవగ్గా వస్తోందని. ఏఎం4 మీద నాకు చాలా గౌరవం, ఒకే సాకెట్ మీద ఏఎండీ అన్నేళ్ళు ప్రాసెసర్లు ఇవ్వడం మామూలు విషయం కాదు. కానీ ఇప్పుడు కొత్తగా కొనేవాడు ఆఖరి స్టాపులో బస్సెక్కినట్టే. ఏఎం5కి 2027 దాకా, ఆపైన కూడా సపోర్టు ఇస్తామని వాళ్ళు ప్రకటించారు. ఇంకో మెలిక ఉంది. కొన్ని చిన్న కార్డులు స్లాటులో 16 లేన్లకి బదులు ఎనిమిదే వాడతాయి. 4060, 5060 అలాంటివే. 2022 నాటి 6500 ఎక్స్‌టీకైతే నాలుగే! పాత పీసీఐఈ 3.0 బోర్డులో అవి నీరసపడతాయి. కార్డు పడుతుంది, పనిచేస్తుంది, డబ్బిచ్చినంత పనిచేయదు.

ఇవన్నీ ఎక్కడైనా దొరికే సలహాలే. మంథనిలో ఇంకో రెండున్నాయి.

ఒకటి, యూపీఎస్. పక్కనే రామగుండంలో ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల ప్లాంటుంది. అయినా ఈదురుగాలి లేస్తే మా వీధిలో కరెంటు ఆగుతుంది (మా చిన్నతనంతో పోలిస్తే ఇప్పుడు స్వర్గమనుకోండి). ఇంట్లో పాత 600 వీఏ యూపీఎస్ ఉంది, అది చాల్లే అనుకున్నాడు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, ఆ సైజు ఇంటి యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. చిన్న కార్డుతో నెట్టుకొస్తుంది. పెద్దది పెట్టి ఆట మొదలుపెడితే, కరెంటు పోయిన క్షణంలో అదీ కుయ్యిమని ఆరిపోతుంది. కార్డు మార్చే ప్లానులో యూపీఎస్‌ని ఎవరూ లెక్కెయ్యరు.

రెండోది ఎండ. మే నెలలో మా వైపు 45 డిగ్రీలు వార్త కాదు. ఏసీ లేని గదిలో 250 వాట్ల పొయ్యి వెలిగించుకు కూర్చోవడం వాడికి ఫిబ్రవరిలో సరదాగా ఉంటుంది, మే నెలలో అమ్మ తలుపు తీసిపెడుతుంది, దుమ్ము లోపలికొస్తుంది. అందుకే అద్దాలు, రంగు లైట్లు ఉన్నది కాకుండా ముందువైపు జాలీ, కడగడానికి వీలైన ఫిల్టరు, 330 మిల్లీమీటర్ల కార్డు పట్టే చోటు ఉన్న క్యాబినెట్ తీసుకోమన్నాను. ఈ ఒక్క విషయంలో వాడికి కోపమొచ్చింది. వారంటీకి ఇవ్వాలంటే హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైమాట, పాడవకుండా ఉండటమే అందం అని నేను, "నీకు టేస్టు లేదు మామా" అని వాడు.

ఇప్పుడు ఆ ప్రశ్న. పైసలు ఎవ్వలిస్తరు?

తిరిగొచ్చాక చాలా రోజులు ఆలోచించాను. "ఇప్పుడు చిన్నది, తర్వాత పెద్దది" అనేది నెల నెలా జీతం పడేవాడి సిద్ధాంతం. రెండేళ్ళ తర్వాత కూడా నా ఖాతాలో డబ్బుంటుందని నాకు నమ్మకం. బావకి ఇలాంటి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వచ్చేలోపే దానికి నలుగురు యజమానులుంటారు. ఈసారి వాడి వంతు వచ్చింది. వచ్చేసారి ఇంటి పైకప్పు వంతు. ఆ ఇంట్లో "తర్వాత" అంటే "లేదు" అని అర్థం, అది వాడికి నాకంటే బాగా తెలుసు. వాడి లిస్టు తప్పే, కానీ ఆశపడి తప్పు రాసింది కాదు. నేను అమీర్‌పేట భాషలో జ్ఞానబోధ చేసి చేతులు దులుపుకున్నాను. డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో రాయని అప్‌గ్రేడ్ ప్లాను, 2005లో నాకు షాపాయన చెప్పిన మాటే కదా?

అందుకని బావతో మాట్లాడి బ్యాంకులో 30 నెలల ఆర్‌డీ తెరిపించాను. నెలకి వెయ్యి, సగం బావది, సగం నాది. దాని మెచ్యూరిటీ ప్లస్ అప్పటికి పాత కార్డు అమ్మితే వచ్చేది, అదే రెండో కార్డు. పాస్‌బుక్ వాడి దగ్గరే ఉంది. అది చూపించాకే వాడు లిస్టు మార్చడానికి ఒప్పుకున్నాడు.

నవంబరు చివర్లో కొన్నాం. ఏఎం5 బోర్డు, రైజెన్ 5 7600, రేడియాన్ 9060 ఎక్స్‌టీ 16 జీబీది, 750 వాట్ల ఎస్ఎంపీఎస్, కొత్త యూపీఎస్. లాక్‌డౌన్ క్లాసులకి కొన్న ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి ఆ కార్డు ఎక్కువే. నాకూ ఒక దెబ్బ తగిలింది. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని దసరాకీ నవంబరుకీ మధ్య ర్యామ్ ధర రెట్టింపు దగ్గరికి పోయింది. "ఆగితే తగ్గుతుంది" అన్నది నేనే. 32 అనుకున్నది 16తో సరిపెట్టాం. "ఆ రోజే కొంటె అయిపోవు" అని వాడు ఇప్పటికి నాలుగుసార్లన్నాడు, అనాల్సిందే.

అన్నీ బిగించి ఆన్ చేస్తే, క్యాబినెట్ ముట్టుకున్న చేయి జిల్లుమంది. కరెంటు పనాయన వచ్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూశాడు, మినుకు కూడా మనలేదు. పాత ఇల్లు, మూడో పిన్నుకి వైరే లేదు. లక్ష రూపాయల లిస్టులో నేను గానీ వాడు గానీ రాయని పార్టు అది. పెరట్లో గుంత తవ్వాలి, ఉప్పూ బొగ్గూ తెండి అన్నాడాయన.

"బొగ్గా? మా దగ్గర ఉన్నదంత బొగ్గే గద!" అన్నారు బావ, సాయంత్రం షిఫ్టుకి బయల్దేరుతూ.

ఆ బొగ్గు పనికిరాదట. కట్టెబొగ్గు కావాలట.