మీ జన్మ నక్షత్రాన్ని చూశారా?

గుళ్లో అర్చన చేయించేటప్పుడు పూజారిగారు గోత్రం, పేరు, నక్షత్రం అడుగుతారు. మనం తడుముకోకుండా చెబుతాం. బిడ్డ పుడితే పేరులో మొదటి అక్షరం నక్షత్ర పాదాన్ని బట్టి ఎంచుతాం. పెళ్లి సంబంధం వస్తే ముందు చూసేది నక్షత్రమే. ఇంతగా మన ఇళ్లలో అల్లుకుపోయిన ఆ చుక్క ఆకాశంలో ఎక్కడుందని అడిగితే చెయ్యెత్తి చూపించగలిగే వాళ్లెందరు? బెంగుళూరు తూర్పు శివార్లలో ఉన్న మా కాలనీ తెలుగువాళ్ల సమావేశంలో ఒకసారి ఈ ప్రశ్న వేశాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఒక అమ్మాయి మాత్రం, “అంకుల్, నిజంగానే కనబడుతుందా? అది జాతకంలో పేరే అనుకున్నాను” అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. మా డాబా మీద నుంచి చూస్తే నాలుగు వైపులా అపార్టుమెంట్ల దీపాలు, రోడ్డు మీద తెల్లని ఎల్‌ఇడి బల్బులు. ఆ వెలుగంతా పైకి వెళ్లి గాలిలోని దుమ్ముకూ తేమకూ తగిలి చెదిరి, ఆకాశానికి తెర కట్టినట్టు అవుతుంది. 2011 నుంచి 2022 వరకూ ప్రపంచమంతటా మామూలు మనుషులు చుక్కలు చూసి పంపిన వివరాలతో 2023లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఆకాశపు వెలుగు సగటున ఏటా 9.6 శాతం పెరుగుతోందని దాని సారాంశం. అంటే ఎనిమిదేళ్లు తిరిగేలోపే రెట్టింపు. బిడ్డ పుట్టిననాడు 250 చుక్కలు కనబడే చోట, వాడికి పద్ధెనిమిదేళ్లు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయట. అందుకని చూపించే పని వాయిదా వేస్తే కుదరదు.

అలాగని అందరికీ ఒకే చీకటి అక్కర్లేదు. మన ఇరవై ఏడు నక్షత్రాలూ ఒకే కాంతితో ఉండవు. ఖగోళ శాస్త్రంలో చుక్కలకు తరగతులున్నాయి. అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. మంచి చీకట్లో మామూలు కంటికి ఆరో తరగతి దాకా కనబడుతుంది. నగరంలో డాబా మీద రెండో తరగతి, మహా అయితే మూడు. ఈ లెక్కన మన నక్షత్రాలను మూడు మెట్లుగా విడదీసి పెట్టుకున్నాను.

మొదటి మెట్టు రోహిణి, ఆర్ద్ర, పునర్వసు, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, శ్రవణం. ఈ ఎనిమిదీ బాగా వెలిగే చుక్కలు. వీళ్లకు ప్రయాణం అవసరం లేదు. డాబా మీద వీధి దీపం కంట్లో పడకుండా నీళ్ల ట్యాంకు చాటున నిలబడితే చాలు.

రెండో మెట్టు అశ్విని, కృత్తిక, పుబ్బ, ఉత్తర, హస్త, విశాఖ, అనూరాధ, మూల, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర. వీటిలో ఒకటి రెండు చుక్కలు డాబా మీద దొరికినా, గుంపు మొత్తం ఆకారం తెలియాలంటే ఊరి పొలిమేర దాటాలి. కృత్తికనే తీసుకోండి. పెద్దవాళ్లు పిల్లలకోడి అనే ఆ గుంపు నగరంలో చిన్న మరకలా ఉంటుంది. కాస్త చీకట్లో ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు.

మూడో మెట్టు భరణి, మృగశిర, పుష్యమి, ఆశ్లేష, ధనిష్ఠ, శతభిషం. ఇవి మూడు, నాలుగు తరగతుల చుక్కలు. వీటికి నిజమైన పల్లె చీకటి కావాలి. ఇక రేవతి అన్నిటికంటే మసక, అయిదో తరగతి. రేవతి నక్షత్రం వాళ్లు ఇంట్లో ఉంటే దూర ప్రయాణానికి సిద్ధపడాల్సిందే.

చోటు ఎంచుకోవడానికి మేం పాటించే సూత్రాలు మూడు. మొదటిది దూరం. నగరం నుంచి రెట్టింపు దూరం వెళితే ఆకాశంలోని వెలుగు సగమవుతుందనుకుంటాం. అంతకంటే చాలా ఎక్కువగా, సుమారు అయిదారో వంతుకు పడిపోతుంది. ఇరవై కిలోమీటర్ల దగ్గర ఉన్న వెలుగు, ఎనభై కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి ముప్ఫయ్యో వంతు. కనుక వందల మైళ్లు పోనక్కర్లేదు.

రెండోది దిక్కు. చుక్కలు తూర్పున లేస్తాయి, దక్షిణం మీదుగా సాగే గుంపులు చాలా ఉన్నాయి. కాబట్టి నగరానికి తూర్పుకో, దక్షిణానికో వెళితే ఆ వెలుగు మన వీపు వెనక ఉండిపోతుంది. మా వాళ్లు ముందుగా నంది కొండ అన్నారు. అందమైన చోటే, కాని బెంగుళూరుకు ఉత్తరాన ఉంది. అక్కడ దక్షిణానికి తిరిగితే జ్యేష్ఠ, మూల ఉండాల్సిన వైపున నగరపు వెలుగే ఎదురవుతుంది. పైగా రాత్రిపూట పైకి పోనివ్వరు.

మూడోది నేల. నాలుగు వైపులా ఆకాశం కనబడాలి, వాహనాల లైట్లు కంట్లో పడకూడదు, మనుషులకు భయం ఉండకూడదు. హోసూరు దాటి డెంకణికోట వైపు చీకటి బాగుంటుంది, ఊళ్లలో తెలుగు మాట కూడా వినబడుతుంది. కాని ఆ అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి. పిల్లలతో రాత్రివేళ అక్కడ ఆగడం క్షేమం కాదు. అందుకే మేం కోలారు రోడ్డు పట్టుకుని ముళబాగిలు వైపు వెళ్తాం. ఆవని రామలింగేశ్వరాలయం ఉన్న ప్రాంతం అది. రాళ్ల గుట్టలు, చెరువులు, రాగి చేలు. బెంగుళూరు పడమట ఉండిపోతుంది. ఆ పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది కనుక, పొలం ఆసామిని పగలే కలిసి అనుమతి అడగడం మనకు తేలిక.

శాస్త్రవేత్తలు వేధశాలకు చోటు వెతికేటప్పుడూ చీకటి, తేటైన ఆకాశమే ముందు చూస్తారు. హైదరాబాదు నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా ఆ ఊళ్లోనే పెరిగిన వేణు బాప్పు, పెద్దవాడై తమిళనాట జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శినితో అక్కడ పని మొదలయింది. ఆయన 1982లో కన్నుమూశారు. అక్కడి 2.34 మీటర్ల పెద్ద దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టారు. అయితే మన పనికి దూరదర్శిని అక్కర్లేదు. ఒడిశాలో ఖండపడా వాసి సామంత చంద్రశేఖరులు (1835–1904) వెదురుతో, కర్రతో చేసుకున్న పరికరాలతో, ఉత్త కంటితోనే జీవితమంతా గ్రహాలనూ చుక్కలనూ కొలిచారు.

మిగతా ఊళ్లలోని మన పాఠకులు ఈ సూత్రాలనే తమ చోటికి అన్వయించుకోవచ్చు. చెన్నై వాళ్లకు మహాబలిపురం దాటిన తీరంలో నగరం ఉత్తరాన ఉండిపోతుంది, తూర్పున సముద్రం. బరంపురం వాళ్లకు గోపాలపురం తీరం అలాంటిదే. రిసార్టుల దీపాలకు కాస్త దూరం జరగాలి. యానాం వాళ్లకు కాకినాడ వెలుగు ఉత్తరాన ఉంటుంది, గౌతమి ఒడ్డున దక్షిణానికి తిరిగి కూర్చోవచ్చు. ముంబయి వాళ్లకు బద్లాపూర్ తర్వాత వచ్చే వాంగణి, అక్కడి ఖగోళ ప్రియులకు చాలాకాలంగా తెలిసిన చోటు. నాగపూరు వైపు వాళ్లు అదృష్టవంతులు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో మన దేశంలోనే మొదటి ‘చీకటి ఆకాశపు పార్కు’గా గుర్తింపు పొందింది.

ఇక ఎప్పుడు వెళ్లాలి? దీనికి గోడమీది పంచాంగమే చాలు. మన నెలల పేర్లు నక్షత్రాల నుంచే వచ్చాయి. కార్తీక పున్నమినాడు చంద్రుడు కృత్తిక దగ్గర, మాఘ పున్నమినాడు మఖ దగ్గర, చైత్ర పున్నమినాడు చిత్త దగ్గర ఉంటాడు. అంటే ఆ నెలలో ఆ చుక్క సాయంత్రం తూర్పున లేచి రాత్రంతా ఉంటుంది. పున్నమి వెన్నెల్లో మసక చుక్కలు కనబడవు కనుక, అదే నెల చివర అమావాస్యకు ముందువెనకల రాత్రి తొమ్మిదింటికి చూడండి.

పుట్టినరోజు నక్షత్రం నాడే చూడాలని కొందరికి ముచ్చట. ఆ రోజు చంద్రుడు సరిగ్గా ఆ చుక్క పక్కనే ఉంటాడు కాబట్టి అది పనికిరాదు. అలాగే కార్తెలు గుర్తుంచుకోండి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి దగ్గర ఉన్న రోజులు. మే చివర ఆ చుక్క పగటి వెలుగులో మునిగి ఉంటుంది, చలికాలం దాకా ఆగాలి. జ్యేష్ఠ, మూల వాళ్లు వానలు పట్టకముందే మే అమావాస్యకు రాత్రి పది తర్వాత దక్షిణాన వెతుక్కోవాలి.

చోటుకు చేరాక ఒక పరీక్ష ఉంది. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రాలు ఉత్తరాన సప్తర్షులు ఉంటారు. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని అంటుకునే అరుంధతి. పెళ్లిలో పట్టపగలు కల్యాణమండపం వాకిట్లో నిలబెట్టి చూపించే అరుంధతి ఈమే. నాలుగో తరగతి చుక్క. ఆమె తేలిగ్గా కనబడితే, మన మూడో మెట్టు నక్షత్రాలన్నీ ఆ చోట దొరుకుతాయని అర్థం.

ఒక మాఘ అమావాస్య ముందు శనివారం ఆరు కుటుంబాలం ఆవని వైపు వెళ్లాం. మా పక్కింటి మామ్మగారికి డెబ్బై ఆరేళ్లు, పుష్యమి నక్షత్రం. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. “నేనెందుకురా, మీరు వెళ్లిరండి” అంటే మనవడు ఒప్పుకోలేదు. పడక కుర్చీలో కూర్చోబెట్టి, అరగంట కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి, పునర్వసు జంట చుక్కలకూ మఖకూ మధ్య చూడమన్నాం. ముందు ఏమీ లేదన్నారు. మనవడు బైనాక్యులర్లు పట్టుకున్నాడు. కాసేపటికి, “ఇదేనా నాయనా? చిటికెడు ముగ్గుపిండి రాలినట్టుంది” అన్నారు. అదే. నగరంలో ఎంత వెతికినా దొరకని చుక్కల గుంపు అది. కాసేపు మాట్లాడకుండా చూసి, “మీ తాతగారిది మఖ. అదెక్కడుంది?” అని అడిగారు. తూర్పున తేటగా వెలుగుతున్న చుక్కను మనవడు చూపించాడు. “ఇది మన డాబా మీద నుంచి కూడా కనబడుతుంది, మామ్మా” అన్నాడు. తాతగారు పోయి పదకొండేళ్లయింది. ఆ వేసవి అంతా మామ్మగారు భోజనమయ్యాక మనవడి చెయ్యి పట్టుకుని డాబా ఎక్కేవారు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. జంపఖానా, దుప్పటి, కాళ్లకు బూట్లు, దోమల మందు, ఫ్లాస్కులో కాఫీ తప్పనిసరి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి. తెల్లటి వెలుగు ఒక్కసారి కంట్లో పడితే మళ్లీ ఇరవై ముప్ఫై నిమిషాలు ఆగాలి. సెల్‌ఫోన్లకూ అదే నియమం. చుక్కల పటం చూపించే స్టెల్లేరియం వంటివాటిలో ఎర్రతెర ఏర్పాటు ఉంటుంది, వాడుకోండి. గుట్టల సందుల్లోకి పిల్లల్ని పోనివ్వద్దు, పాములుంటాయి. పాటలు పెట్టి ఊరివాళ్ల నిద్ర చెడగొట్టద్దు. తెచ్చుకున్న చెత్త తిరిగి తెచ్చేయండి.

మా కాలనీలో ఇప్పుడొక నోటు పుస్తకం ఉంది. ప్రతి ఇంటివాళ్ల పేర్లు, వాటికెదురుగా నక్షత్రం, చూసిన తేదీ, చూసిన చోటు. ముప్ఫై నాలుగు పేర్లలో ఇరవై ఒకటికి తేదీ పడింది. రేవతి వాళ్లు ఇద్దరున్నారు, కార్తీకం చివర వాళ్లను ఇంకా దూరం తీసుకెళ్లాలి. మీ ఊళ్లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి తెరవండి. మీకు దొరికిన చోటు ఏది, అక్కడ అరుంధతి కనబడిందా, ఏ నక్షత్రం వాళ్లు ఇంకా మిగిలారు, ఈ వివరాలు రాసి పంపితే వచ్చే సంచికలో ఊరి పేరుతో సహా ఈ శీర్షికలోనే వేద్దాం.