నాగభిక్షువు

బౌద్ధుల వినయపిటకమున, మహావగ్గమను భాగమందు, ఒక నాగుని కథ కలదు. తన సర్పజన్మమును రోసి, మనుష్యత్వమును కోరి, అతడు యువకుని రూపు దాల్చి భిక్షుసంఘమున చేరెను. పొలిమేర విహారమున మఱియొక భిక్షువుతో కలిసి యుండెను. ఒకనాటి వేకువను తోడిభిక్షువు వెలుపలికి పోగా, నాగుడు ఏమఱి నిద్రించెను. నిద్రలో నిజరూపము బయటపడెను. గది యంతయు పాముచుట్టలే. కిటికీలగుండ సైతము వెలికి వచ్చినవి! తిరిగివచ్చినవాడు తలుపు తీసి కెవ్వున కేకవేసెను.

బుద్ధుడు నాగుని సంఘమునుండి పంపివేసెను. పక్షమున 8, 14, 15 తిథులయందు ఉపోసథవ్రతము సలిపినచో మనుష్యజన్మము త్వరలో లభించునని చెప్పెను. నాగుడు కన్నీరు కార్చుచు వెడలిపోయెను.

అతడు వంచకుడని కొందఱనవచ్చును. రూపము దాచిన మాట నిజమే. కాని ఎవరిని కాటువేసెను? ఏమి దొంగిలించెను? మేలుకొని యున్నంతకాలము అతని నడవడిలో దోషమున్నట్లు కథ చెప్పదు. పట్టుబడినది నిద్రలో, నిద్రలో ఎవరి దేహము వారి యధీనమున నుండును? సంఘమునకు నియమము వలయును, తోడివాని భయమును కల్ల కాదు. అయినను ఆ కన్నీటిని వంచన యనుట అన్యాయము.

దీక్షవేళ చేరవచ్చినవానిని మనుష్యుడేనా యని యడుగుట నేటికిని ఆచారము. థాయిలాండులో దీక్షకు సిద్ధపడిన యువకుని ‘నాగుడు’ అనియే పిలుతురు. పంపివేయబడినవానికి ఆ మాత్రపు గౌరవము దక్కినది.