ఏజెన్సీ తీసుకునే ముందు మూడేళ్ల లెక్క వేసుకోండి



ఈ నెలలో ముగ్గురు ఫోన్ చేసి నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, ఎల్ఐసీ ఏజెన్సీ తీసుకుంటే ఎట్లుంటది? షెడ్డు కంటే నయమేనా?" గూళ్ల రేటు పడినప్పుడో, ఎండకు బ్యాచ్ పోయినప్పుడో ఇలాంటి ఫోన్లు ఎక్కువ వస్తాయి. గబ్బూరు దగ్గర మల్బరీ తోట చూసుకుంటూనే ఆరేళ్లుగా నేను ఒక బీమా కంపెనీ ఏజెన్సీ కూడా నడుపుతున్నా, అందుకే నన్ను అడుగుతారు. నా మాట ముందే చెప్పేస్తా. ఏజెన్సీ చెడ్డది కాదు. కానీ షెడ్డు మూసేసి దాని మీద బతుకుదామనుకుంటే మొదటి మూడేళ్లలోనే దెబ్బ తింటారు.

మొదట తెలుసుకోవాల్సింది, ఇది ఒకే కంపెనీకి కట్టుబడి ఉండే పని. చట్టం ప్రకారం ఒక ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి మాత్రమే పని చేయొచ్చు. రామనగర మార్కెట్లో మన గూళ్లకు పది మంది రీలర్లు పాట పాడతారు. ఇక్కడ అట్లా కాదు. మీ కంపెనీ ఒక పాలసీ ఆపేసినా, కమిషన్ తగ్గించినా పక్క కంపెనీ జీవిత బీమా అమ్మే దారి లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఎల్ఐసీ చాలా ఎండోమెంట్ పాలసీల మీద మొదటి ఏడాది కమిషన్‌ను, బోనస్‌తో కలిపి, 35 శాతం నుంచి 28 శాతానికి తగ్గించింది. తర్వాతి ఏళ్ల కమిషన్ 5 నుంచి 7.5 శాతానికి పెంచింది. మంచిదో చెడ్డదో అడిగేవాడు లేడు, ఏజెంటు ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మన ఊళ్లలో ఏడాదికి 10,000 రూపాయల ప్రీమియం పాలసీలు 24 చేశారనుకోండి. అది చిన్న పని కాదు, నెలకు రెండు. మొత్తం ప్రీమియం 2,40,000. దాని మీద 28 శాతం అంటే 67,200. చేతికి వచ్చినట్టే కనిపిస్తది. పెట్రోలుకు నెలకు 2,500 వేసుకోండి, ఏడాదికి 30,000. ఫోను, జిరాక్సులు, టీలు, సంక్రాంతికి క్యాలెండర్లు, డైరీలు కలిపి ఇంకో 6,000. మిగిలేది 31,200. నెలకు 2,600.

దీన్ని షెడ్డు పక్కన పెట్టి చూడండి. వంద గుడ్లకు 65 కిలోలు దిగి, కిలో 500 పలికితే 32,500. ఆకు, కూలి, చాకీ ఖర్చులు తీయకముందు మాట ఇది, ఒప్పుకుంటా. కానీ అది ఒక్క నెల పంట. ఏజెన్సీలో ఆ మాత్రానికి ఏడాది తిరగాలి.

రెండో ఏడాది ఇంకా ముఖ్యం. ఆ 24 మందిలో 16 మందే మళ్లీ ప్రీమియం కడితే 1,60,000 మీద 7.5 శాతం, అంటే 12,000. కొత్త పాలసీలు చేయకపోతే ఏడాదికి అదే వచ్చేది. కొత్తవి ఎవరికి చేస్తాం? మొదటి ఏడాదే బావమరిది, చిన్నాన్న, పక్క క్యాంపు వియ్యంకుడు అందరూ అయిపోతారు. రెండో ఏడాది నుంచి మనల్ని ఎరగని గడప తొక్కాలి. చాలామంది ఆగిపోయేది అక్కడే.

నేను చేసిన తప్పులు రెండు చెప్తా, మీరు చేయకండి.

ఒకటి, ఇతరుల ప్రీమియం నా జేబులోంచి కట్టడం. "మామా, మొదటిది నువ్వు కట్టెయ్, గూళ్లు అమ్మినాక ఇస్తా" అంటారు. కాదంటే చుట్టరికం చెడుతుందని కట్టా. కొందరు ఇచ్చారు, కొందరు ఇయ్యలేదు, పాలసీ కూడా వదిలేశారు. పైగా కమిషన్‌లో వాటా ఇచ్చి పాలసీ చేయించడం బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. "అందరూ ఇస్తారు" అనే మాట నమ్మకండి.

రెండోది పురుగు పండే రోజు. కంపెనీ మీటింగు ఉంది, తప్పక రావాలని ఫోన్ వస్తే పోయా. సాయంత్రం వచ్చేసరికి సగం పురుగు చంద్రికల మీదికి ఎక్కకుండానే పట్టు వదిలి, తట్టల్లోనే గూడు కట్టింది. ఇంట్లో వాళ్లిద్దరే ఎంతని ఏరతారు? ఆ బ్యాచ్‌లో పోయిన డబ్బు ఆ ఏడాది కమిషన్ కంటే ఎక్కువ. మూడో జ్వరం లేచింది మొదలు గూడు కట్టే దాకా నేను ఇప్పుడు ఏ మీటింగుకూ పోను.

మరి ఎవరికి పనికొస్తది? నా అభిప్రాయంలో మన ఇళ్లలోని పదో తరగతి చదివిన ఆడవాళ్లకు. 2024 డిసెంబర్ 9న మొదలైన ఎల్ఐసీ బీమా సఖి పథకంలో మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండ్ ఇస్తారు. కమిషన్ వేరే. వయసు 18 నుంచి 70. కానీ షరతులు చదవండి. ఏడాదికి 24 పాలసీలు, బోనస్ కాకుండా 48,000 మొదటి ఏడాది కమిషన్ రావాలి. మొదటి ఏడాది చేసిన పాలసీల్లో కనీసం 65 శాతం నిలబడితేనే రెండో ఏడాది స్టైపెండ్. అంటే 24లో 16. ఇప్పటికే ఎల్ఐసీ ఏజెంటుగానో ఉద్యోగిగానో ఉన్నవాళ్ల దగ్గరి బంధువులకు ఈ అవకాశం లేదు. మూడేళ్ల తర్వాత స్టైపెండ్ ఆగిపోతది, అప్పుడు మిగిలేది పాత పాలసీల కమిషనే. స్టైపెండ్ ఉన్న మూడేళ్లే పునాది వేసుకునే సమయం.

"ఫలానా వాళ్లు లక్షలు సంపాదిస్తున్నారు" అనేవాళ్లకు ఒక అంకె. 2024లో బయటికి వచ్చిన లెక్కల ప్రకారం కర్ణాటకలో 81,674 మంది ఎల్ఐసీ ఏజెంట్లు ఉంటే, సగటు ఆదాయం నెలకు 13,265. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న పట్నం ఏజెంటు, నిన్న చేరిన పల్లె ఏజెంటు ఇద్దరూ ఆ సగటులోనే ఉన్నారు. మనం ఏ పక్క ఉంటామో ఆలోచించుకోండి.

ఏజెన్సీలో అసలు డబ్బు పాలసీ నిలబడితేనే. నిలబడాలంటే మన పంటను బట్టి అమ్మాలి. పాలసీ ఏ తేదీన మొదలైతే ప్రతి ఏడాదీ ఆ తేదీకే ప్రీమియం. మన రాయచూరు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో బైవోల్టిన్ బ్యాచ్‌ను నమ్మలేం. ఆ నెలల్లో పాలసీ మొదలుపెడితే ప్రతి ఏడాదీ చేతిలో డబ్బు లేనప్పుడే ప్రీమియం వస్తది. ఏడాదికో, ఆరు నెలలకో కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజులే అదనంగా ఇస్తారు, నెలనెలా కట్టేదానికి 15 రోజులే. చలికాలం పంట అమ్మిన తర్వాత మొదలుపెట్టించండి.

ఇంకొకటి. పెద్ద పాలసీ కట్టలేని ఇంటికి బలవంతంగా అంటగట్టొద్దు. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలకు జీవన్ జ్యోతి కింద 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలకు సురక్షా బీమా కింద 2 లక్షల ప్రమాద బీమా దొరుకుతాయి. వాటిని నేనే చెప్తా. నాకు కమిషన్ రాదు, కానీ అదే మనిషి చేతిలో డబ్బు ఆడినప్పుడు నా దగ్గరికే వచ్చాడు.

కొత్తగా నాటిన మల్బరీ నుంచి మొదటి ఏడాదే వంద గుడ్లకు ఆకు అడగం కదా. ఏజెన్సీ కూడా అంతే. మూడేళ్లు ఇంటిఖర్చు షెడ్డు నుంచే వస్తుందంటే తీసుకోండి. రాదంటే ఆ పెట్రోలు డబ్బు తోటకు ఎరువుగా వేయండి. ఊళ్లో మన మాటకు విలువ ఉంది కాబట్టే మన చేత పాలసీ కట్టించుకుంటారు. ఆ పాలసీ మధ్యలో పడిపోతే కంపెనీని ఎవరూ తిట్టరు, మనల్నే తిడతారు.

మీలో ఏజెన్సీ నడిపేవాళ్లు ఉంటే మీ లెక్క కూడా గ్రూపులో పెట్టండి. నా లెక్కలో తప్పుంటే దిద్దుకుంటా.