చెవి కూడా ఒక పరికరమే!

ప్రయోగశాల అనగానే మీకు పరీక్షనాళికలు, భూతద్దం, స్ప్రింగు త్రాసు గుర్తుకు వస్తాయి. వీటన్నిటికంటే ముందే ప్రకృతి మీకొక పరికరం ఇచ్చింది. అదే చెవి. పాఠం వినడానికి తప్ప, పరిశీలనకు దానిని మనం సరిగా వాడుకోవడం లేదని నా అభిప్రాయం.

మీలో కొందరు హార్మోనియమో, చిన్న కీబోర్డో, గిటారో నేర్చుకుంటూ ఉంటారు. పాట నచ్చగానే ఫోను తెరచి, దానికి ‘కార్డ్‌లు’ ఏమిటో చూసి వేళ్ళు పెట్టేస్తారు. లెక్క చేయకుండా పుస్తకం చివర జవాబు చూడడం వంటిదే ఇది. జవాబు దొరుకుతుంది, లెక్క మాత్రం రాదు.

కార్డ్ అంటే ఏమిటి? కలిపి మోగించే స్వరాల జట్టు. స, గ, ప ఒక జట్టు. మ, ద, పై స రెండోది. ప, ని, పై రి మూడోది. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. ఈ మూడు జట్లలో ఏడు స్వరాలూ వచ్చేశాయి! అందుకే శంకరాభరణం స్వరాలలో సాగే తేలిక పాటలు ఎన్నింటికో ఈ మూడే సరిపోతాయి.

ఇక ప్రయోగం చేద్దాం. మీకు బాగా వచ్చిన అలాంటి పాట ఒకటి తీసుకోండి. కూనిరాగం తీస్తూ, ఏ స్వరం దగ్గర ఆగితే ఇల్లు చేరినట్లు అనిపిస్తుందో దానిని మెట్ల మీద వెదకండి. సాధారణంగా అదే స. తరువాత, తాళంలో మొదటి దెబ్బ పడేచోట పాడుతున్న స్వరం ఏదో చూడండి. అది ప అనుకుందాం. ప మొదటి జట్టులోనూ ఉంది, మూడోదానిలోనూ ఉంది. అంటే మీ ముందు రెండు ఊహలున్నాయి. రెండూ మోగించి చూడండి. తరచుగా ఒకటి పాటతో ఒదిగిపోతుంది, మరొకటి పంటికింద రాయిలా తగులుతుంది. ఒదిగినదానిని కాగితం మీద రాసుకుని ముందుకు సాగండి. ఊహించడం, పరీక్షించడం, తప్పయితే దిద్దుకోవడం: సైన్సు నడిచే దారి ఇదే కదా!

జట్టు దొరికాక దాని మొదటి స్వరాన్ని కింది స్థాయిలో, దెబ్బ పడేచోట మోగించండి. అదే బేస్. పాట ఒక్కసారిగా నిండుగా వినిపిస్తుంది. ఎందుకని? స సెకనుకు 240 కంపనాలు అనుకుంటే గ 300, ప 360. రెండు స్థాయిల కిందనున్న స 60. ఒక తీగ 60 కంపనాలతో మోగేటప్పుడు దానితోపాటు 120, 180, 240, 300, 360 కూడా సన్నగా మోగుతాయి. అంటే పైనున్న జట్టు మొత్తం ఆ అడుగు స్వరం కడుపులోనే ఉందన్నమాట! (కీబోర్డు మీద గ సుమారు 302 ఉంటుంది. ఆ కొద్ది తేడాను చెవి సర్దుకుంటుంది.)

స నుంచి మ జట్టుకు వెళ్ళేటప్పుడు మధ్యలో రి, గ తాకుతూ నడిస్తే బేస్ వరస తయారవుతుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు ఎలా నడుస్తుందో విని చూడండి. ఫోనులోని చిన్న స్పీకరు ఇంత తక్కువ కంపనాలను సరిగా పలికించలేదు కనుక ఇయర్‌ఫోను పెట్టుకుని, శబ్దం తగ్గించి వినండి.

“చెవి పుట్టుకతో రావాలి, ఇది అందరికీ అబ్బదు” అనేవారున్నారు. నేను ఒప్పుకోను. మొదటి రోజు రెండు స్వరాల తేడా చెప్పలేని పిల్లలు, కొన్ని వారాల సాధనతో చెప్పగలగడం తరగతిలో చూస్తూనే ఉన్నాను. “పరీక్షల ముందు ఇదంతా ఎందుకు?” అనేవారికి నా జవాబు ఒకటే. ‘ధ్వని’ పాఠంలోని పౌనఃపున్యం ఇక్కడ బట్టీ పట్టకుండానే బోధపడుతుంది.

ఫోను చూడవద్దని నేను చెప్పను. ముందు మీ కాగితం పూర్తి చేసి, తరువాత పోల్చండి. తేడా వచ్చినచోట మళ్ళీ వినండి. ఫోను చెప్పినదీ ఒక ఊహే కావచ్చు, అదీ తప్పవచ్చు. పాట విషయంలో ఈ అలవాటు చేసుకున్న పిల్లవాడు, రేపు అదే ఫోనులో ఏ వింత మందు గురించో, ఏ పుకారు గురించో సందేశం వస్తే గుడ్డిగా నమ్మడు. “ఏదీ, పరీక్షించి చూద్దాం” అంటాడు. మన చదువుకు అంతకంటే మంచి ఫలితం ఏముంటుంది?