ఉపవాసానికీ లెక్కుంది

కాలిఫోర్నియా తీరంలో ఏనుగు సీల్ తల్లి ఈనాక సుమారు నాలుగు వారాలు ఏమీ తినకుండానే పిల్లకు పాలిస్తుంది. మగది మూడు నెలల దాకా పస్తుంటుంది. మహిమా? కాదు, దాచుకున్న కొవ్వు ఖర్చు. తల్లి బరువు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది.

ఆ తర్వాత మేత ఎక్కడ? 1980ల నుంచి శాస్త్రజ్ఞులు వాటి ఒంటికి పరికరాలు అతికించి చూశారు. ఆడవి ఉత్తర పసిఫిక్ నడి సముద్రంలో 500 మీటర్ల లోతుకు కూడా మునిగి చేపలు, స్క్విడ్లు తింటాయి. మగవి ఎక్కువగా అలాస్కా వైపు తీరానికి దగ్గరి నీళ్ళకు పోతాయి. మన కంటపడనంత మాత్రాన తిననట్టు కాదు.

గాలి మేసి ఏళ్ళ తరబడి బతుకుతున్నామనే బాబాలు మన దేశంలోనూ ఉన్నారు. జమాఖర్చులు రాసి బతికినవాణ్ణి, ఒక్కటే అడుగుతాను: ప్రారంభ నిల్వెంత, ముగింపు నిల్వెంత? తూకానికి నిలవని మహిమను నమ్మి పస్తులుండే భక్తుల ప్రాణాలకు పూచీ ఎవరు?