నాలుగు అక్షరాల జాతకం

ఈమధ్య ఇన్‌స్టా బయోల్లో సొంతూరి పేరు తగ్గింది, నాలుగు అక్షరాలు పెరిగాయి. ఐఎన్‌ఎఫ్‌జే, ఈఎన్‌టీపీ, ఐఎస్‌టీజే... మా అమ్మ నా ఫోన్‌లో చూసి "ఇదేం డిగ్రీ, మీ ఫ్రెండ్సందరూ చదివేశారు?" అంది. డిగ్రీ కాదమ్మా, మనిషి రకం అన్నాను. "మనుషుల్లో రకాలా? ఎన్ని?" అంది. 16 అన్నాను. "మన రాశుల కంటే నాలుగెక్కువ" అని పప్పు తాలింపు పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

అమ్మ సరదాకే అంది కానీ నాకు అది బుర్రలో ఉండిపోయింది. ఈ ఎంబీటీఐ టెస్టు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కార్ల్ యూంగ్ అనే మానసిక వైద్యుడు 1921లో మనుషుల స్వభావాల మీద ఒక పుస్తకం వేశాడు. మనం రోజూ వాడే ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ మాటలు జనంలోకి వచ్చింది ఆయన వల్లే. అమెరికాలో ఒక తల్లీకూతుళ్ళు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్, ఆ పుస్తకం పట్టుకుని ప్రశ్నల చిట్టా తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్ళు కాదు. నాలుగు జతలు, ఒక్కో జతలో ఒక్కో అక్షరం, మొత్తం 16 రకాలు. అంతే.

ఇప్పుడు ఉగాది గుర్తుతెచ్చుకోండి. పంచాంగంలో మన రాశికి ఎన్ని అంకెలుంటాయి? ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. నాలుగే! అక్కడ నాలుగు అంకెలు, ఇక్కడ నాలుగు అక్షరాలు. ఒకటే తేడా. పంచాంగం ఏడాదికోసారి మారుతుంది. ఇది మాత్రం మీరు కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే మారిపోవచ్చు. నాకు మారింది. ఆదివారం తీరిగ్గా రాస్తే ఒకటొచ్చింది, రిలీజ్ వారంలో ఆఫీస్ క్యాబ్‌లో రాస్తే ఇంకోటొచ్చింది. రెండూ చదివి "అబ్బ, అచ్చం నేనే" అనిపించింది చూడండి, అదీ అసలు మజా.

అలా ఎందుకనిపిస్తుందో 1948లోనే బెర్‌ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ చూపించాడు. తన క్లాసులో 39 మంది స్టూడెంట్లకి పర్సనాలిటీ టెస్టు పెట్టి, తర్వాత ఎవరి రిపోర్టు వాళ్ళకిచ్చి, మీకు ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో మాటలు చాలావరకు బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి తీసినవి. "మీరు పైకి ధైర్యంగా కనిపించినా లోపల అప్పుడప్పుడు భయపడతారు" అంటే కాదనేవాడెవడండీ?

నాకు దీనితో పేచీ ఏమీ లేదు. పొద్దున్నే రాశిఫలం చూసుకుని బండి తీసేవాళ్ళున్నారు, వాళ్ళలాగే ఇదీ. ఐఎన్‌ఎఫ్‌జే లోకంలోకెల్లా అరుదైన రకమని చెబుతారు. నాకు తెలిసినవాళ్ళలోనే ఆరుగురున్నారు, ఉండనివ్వండి. కానీ రాశిఫలం చూసి ఎవరి ప్రమోషనూ ఆపరు కదా. అక్కడే నాకు కాలింది.

నేను పనిచేసిన ఒకచోట "టీమ్ బిల్డింగ్" పేరుతో ఒక మధ్యాహ్నం అందరిచేతా ఇలాంటి టెస్టు రాయించారు. బిర్యానీ పెట్టారు, రంగు కాగితాల మీద ఎవరి అక్షరాలు వాళ్ళ డెస్కుకి అంటించారు. నవ్వుకున్నాం, ఫోటోలు దిగాం. నెల తిరిగేసరికి కొత్త ప్రాజెక్టులో క్లయింట్‌తో మాట్లాడే పని ఎవరికివ్వాలా అని చర్చ వచ్చింది. నా టీమ్‌లో ఒకమ్మాయి ఉంది. ఆ మాడ్యూల్ మొదటి లైను నుంచీ ఆమె రాసిందే, అందులో ఏది ఎందుకు పగులుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "ఆమె ఐ కదా, పాపం కాల్స్ అంటే ఇబ్బంది పడుతుంది" అన్నారు. పాపం అన్న మాట గమనించండి. అవకాశం తీసేస్తూ సాయం చేసినట్టు అన్నారు. క్లయింట్ కాల్ చేతికి రాకపోతే ఆన్‌సైట్ రాదు, ఆన్‌సైట్ రాకపోతే వాళ్ళింటి అప్పు ఇంకో అయిదేళ్ళు. ఒక అక్షరానికి ఇంత వడ్డీ! ఆ టెస్టును అమ్మే సంస్థ కూడా ఉద్యోగాలు ఇవ్వడానికి దీన్ని వాడొద్దనే చెబుతుంది. బిర్యానీ రోజున ఆ ముక్క మాత్రం ఎవరూ అంటించలేదు.

ఇంతకీ ఆ పిల్ల ఇంట్రోవర్టేనా? తాడేపల్లిగూడెం దగ్గర వాళ్ళ నాన్నకి కిరాణా కొట్టుంది. సెలవులకెళ్తే గల్లా దగ్గర కూర్చునేది తనే. పాత బాకీలు మనిషి నొచ్చుకోకుండా ఎలా రాబట్టాలో నాకు లంచ్‌లో గంటసేపు నటించి చూపించింది. మా టేబుల్ మొత్తం తిండి మానేసి చూసింది. అదే అమ్మాయి మీటింగ్ రూమ్‌లో నోరు విప్పదు. ఎందుకంటే అక్కడ మాట్లాడాల్సింది ఇంగ్లిష్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మనసులో వాక్యం కట్టుకుని, టెన్స్ సరిచూసుకుని నోరు తెరిచేలోగా ముగ్గురు మాట్లాడేసి టాపిక్ మార్చేస్తారు. మన ఆఫీసుల్లో "క్వైట్ పర్సన్" అని ముద్రపడిన వాళ్ళని ఒకసారి టీ బండి దగ్గర తెలుగులో కదిపి చూడండి. అందులో చాలామందిది స్వభావం కాదు, భాష దగ్గర బెరుకు. స్వభావం అనేస్తే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, అందుకే ఆ మాట ఆఫీసులకి అంత సుఖం.

'బొమ్మరిల్లు' సిద్ధు ఏ టైపో చెప్పండి? 2006 నుంచీ చూస్తున్నాం కదా. నాన్న ముందు నోట్లో నాలుక లేనట్టుంటాడు. ఫ్రెండ్స్ దగ్గర, హాసిని దగ్గర వాగుతూనే ఉంటాడు. ఇంట్లో టెస్టు రాయిస్తే ఐ, బయట రాయిస్తే ఈ. చివర్లో నాన్న ముందు అన్నేళ్ళదీ ఒక్కసారి కక్కేస్తాడే, ఆ సీన్‌కి ఇప్పటికీ గొంతు పట్టేయడానికి కారణం మనందరికీ అలాంటి గది ఒకటి ఉండటమే.

ఇంకా వెనక్కి వెళ్తే బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఉంది. అందులో దయానిధి సంగతి ఇంకా ఘోరం. వాళ్ళమ్మ గురించి ఊరు ఏదో అనుకుంది, ఆ అనుకున్నది కొడుకు వెంట ప్రతిచోటికీ నడిచొస్తుంది. అతనెలాంటివాడో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కాలేజీలో చదివినప్పుడు ఎందుకింత బాధపడతాడు అని విసుక్కున్నాను. ఆఫీసులో చేరాక మళ్ళీ తీస్తే విసుగు రాలేదు.

అలాగని సైలెంట్ మనుషులే లేరని నేననను. ఉన్నారు. పార్టీలో గంటకే బ్యాటరీ అయిపోయి చెప్పులు వెతుక్కునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. వాళ్ళని బలవంతంగా స్టేజీ ఎక్కించే మేనేజర్లంటే నాకు మహా చిరాకు. 2012లో సుసాన్ కేన్ 'క్వైట్' రాశాక మాలాంటివాళ్ళకి కాస్త మర్యాద పెరిగింది, సంతోషం. కాకపోతే అలసిపోయి ఊరుకోవడం వేరు, బెరుకుతో ఊరుకోవడం వేరు. మొదటిదానికి విశ్రాంతి ఇవ్వాలి. రెండోదానికి టైమివ్వాలి. రెంటికీ ఒకే అక్షరం అంటిస్తే రెండోవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

మా లీడ్‌తో ఇదే వాదించాను. రెండు వారాలు నానబెట్టి, "సరే, ఒక్క కాల్‌లో పది నిమిషాలు" అన్నాడు. ఆ పిల్ల చెప్పాల్సింది ముందు తెలుగులో రాసుకుంది, తర్వాత ఇంగ్లిష్‌లో. ముందురోజు సాయంత్రం ఖాళీ రూమ్‌లో నన్ను క్లయింట్‌గా కూర్చోబెట్టి నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి మధ్యలో ఆపి, "అక్కా, వాళ్ళు అర్థంకాని ప్రశ్న వేస్తే ఏం చేయను?" అంది.

"కొట్టుకొచ్చినవాడు నువ్వెప్పుడూ వినని సరుకు అడిగితే ఏం చేస్తావ్?"

"రేపు తెప్పిస్తానంటా."

"అదే ఇంగ్లిష్‌లో అను" అన్నాను. నోట్‌బుక్‌లో రాసుకుంది.